మా మొండిపిల్ల

"పాప ఏం తింటుందమ్మా?" అని డాక్టర్లందరూ అడిగారు. అడగలేదని ఎవరినీ తప్పుపట్టలేను. నూజివీడులో పిల్లల డాక్టరు అడిగారు, విజయవాడలో ఆ తర్వాత చూసినవాళ్ళూ అడిగారు. నేనూ ప్రతిచోటా ఒకే పాఠం అప్పజెప్పాను. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రికి పెరుగన్నం, మధ్యలో పాలు. మామిడిపండు మాట నా నోట ఒక్కసారీ రాలేదు. కావాలని దాచింది కాదు. రెడ్డిగూడెం దగ్గర తోటలున్న మా ఇంట్లో మామిడిపండును ఎవరూ తిండి కింద లెక్కవేయరు. ఎండాకాలం వస్తే వసారా నిండా గడ్డిలో మాగేసిన కాయలే. అటు వెళ్తూ ఒకటి, ఇటు వస్తూ ఒకటి చీకి, చెయ్యి కడుక్కుని, "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, అన్నం పెట్టు" అంటారు. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక నేనూ అలాగే తయారయ్యాను.

పాప అన్నప్రాసన సరిగ్గా తోట కాపు మీద ఉండగా వచ్చింది. మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉంది. పరమాన్నం ముట్టించిన వెంటనే, ఆ ఏడు తోటలో ముందుగా పండిన చిన్నరసం మామిడిపండును పిండి బిడ్డకు చెంచాతో పట్టాలి. పట్టేది ఇంటి పెద్ద. మా మామగారు తెల్లపంచె కట్టుకుని, పండును అరచేతుల మధ్య మెత్తగా నలిపి, చెంచాలోకి పిండి, మనవరాలి నోట్లో పోశారు. అది మొహం వికారంగా పెట్టింది. అందరూ నవ్వారు, ఫొటో కూడా తీశారు. సాయంత్రానికి తాగిన పాలతో సహా కక్కేసి, ఒళ్ళంతా చెమటలు పట్టి, తోటకూర కాడలా వాలిపోయింది. దిష్టి అన్నారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు.

అప్పుడు మొదలైన తిరుగుడు దానికి అయిదో ఏడు వచ్చేదాకా ఆగలేదు. వాంతులు, ఉన్నట్టుండి చెమటలు, మగత. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండేవి, పొట్ట మాత్రం ముందుకొచ్చేది. లివర్ పెరిగిందన్నారు, ఎందుకు పెరిగిందో చెప్పలేకపోయారు. నులిపురుగుల మందు వాడాం. కామెర్లంటే పసరు పోయించాం. పాలు పడట్లేదంటే కొన్నాళ్ళు పాలు మాన్పించాం. లివర్ లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలేమో అన్నారు ఒకాయన, తర్వాతి పేషెంటును పిలవమని సైగ చేస్తూనే. ఆ రోజు బస్సు గన్నవరం దాటేదాకా మా ఆయనా నేనూ కాపు గురించే మాట్లాడుకున్నాం. బిడ్డ మనకు దక్కుతుందా అన్నది ఒక్కటే అడగాల్సిన మాట. అది అడగడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

ఎండలు ముదిరితే జబ్బూ ముదురుతోందని నేను గమనించాను. డాక్టర్లకు చెప్పాను కూడా. "వేడి చేస్తోందమ్మా, నీరసం. పళ్ళరసాలు బాగా పట్టించండి" అన్నారు. మామిడి తోటవాళ్ళకు చెప్పవలసిన మాటేనా అది! ఇంటికి రాగానే మా అత్తగారు బేసిను ముందు పెట్టుకుని రసాలు పిండేవారు. పిల్ల కళ్ళు తేలేస్తే పంచదార నీళ్ళు పట్టేవాళ్ళం. రాసిచ్చిన టానిక్కులన్నీ తియ్యటివే. ఎంత శ్రద్ధగా చూసుకున్నామో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పిల్ల మాత్రం పెదాలు బిగించేది. దానికి ముందుగా వచ్చిన మాటల్లో "వద్దు" ఒకటి. పండు వద్దు, లడ్డూ వద్దు, పుట్టినరోజు కేకు వద్దు. ఎవరైనా చాక్లెట్ ఇస్తే పక్కింటి పిల్ల చేతిలో పెట్టి వచ్చేది. ఇంట్లో దాని పేరే మొండిపిల్ల అయిపోయింది. "చిన్నరసాల కొంపలో పుట్టి మామిడిపండు తిననంటావా? ఎంత పొగరే నీకు!" అని మా మామగారు ముద్దుగానే అనేవారు. కాయలు కోయడానికి వచ్చిన కూలీల ముందు మాత్రం ఆయనకు చిన్నతనంగా ఉండేది. మందును రసంలో కలిపి పట్టాలంటే ఒకరు కాళ్ళు పట్టుకోవాలి, ఇంకొకరు ముక్కు మూసి గొంతులో పోయాలి. పోస్తుంటే నాకు ఏడుపొచ్చేది, పోయకపోతే భయమేసేది. కాసేపటికి అంతా బయటికి వచ్చేసేది. "చూశావా అమ్మాయ్, పంతానికి కక్కేసుకుంటోంది" అనేవారు అత్తగారు. నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను.

అలసిపోయాను. అంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు. టోకెన్ తీసుకుని కూర్చోవడం, పిలిచాక లోపలికి వెళ్ళడం, "మొదట్నుంచీ చెప్పండి" అనగానే మళ్ళీ అన్నప్రాసన రోజు దగ్గర్నుంచి మొదలుపెట్టడం. చెప్పి చెప్పి నా మాటలు నాకే ఎవరి బిడ్డ సంగతో అన్నట్టు వినిపించేవి. పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ సలహాలు సరేసరి. "గాడిదపాలు పట్టించి చూశారాండీ?" అని అడిగింది ఒకావిడ. "లేదండీ, గాడిద దొరకలేదు" అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. చిన్నబోతే చిన్నబోయిందిలే అనుకున్నాను. మంచితనానికి కూడా ఓపిక ఉండాలి.

చివరికి హైదరాబాదులో పిల్లల లివర్ జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమన్నారు. బయలుదేరేటప్పుడు మా మామగారు అట్టపెట్టె నిండా చిన్నరసాలు సర్ది తాడు కట్టి ఇచ్చారు. కాపు ఉండగా ఏ డాక్టరు దగ్గరికీ మేం ఉత్తచేతులతో వెళ్ళలేదు. నూజివీడు రసాలంటే ఎవరి మొహమైనా విప్పారుతుందని, విప్పారాక పిల్లను ఇంకాస్త పట్టించుకుని చూస్తారని ఆయన ఆశ. ప్రయాణమంతా పెట్టె నా కాళ్ళ దగ్గర, పిల్ల కిటికీకి అతుక్కుని. రెండుసార్లు కక్కింది. బస్సు పడలేదనుకున్నాం.

డాక్టరమ్మ గదిలో మా ఆయన పెట్టెను బల్ల పక్కన పెట్టి తాడు విప్పారు. వాసన గుప్పుమంది. పిల్ల నా చెయ్యి వదిలించుకుని, అవతలి గోడ దాకా వెళ్ళి, గౌను అంచు పైకి లాగి ముక్కు మూసుకుంది.

"ఏంటి తల్లీ, మీ తోట కాయలకి నువ్వే ముక్కు మూసుకుంటున్నావు?" అన్నారావిడ.

నాకు తల కొట్టేసినట్టయింది. "దానికి పళ్ళంటే గిట్టదండీ. ఒట్టి మొండిది" అన్నాను.

"మామిడిపండు ఒక్కటేనా?"

"ఏ పండూ తినదండీ. తీపే ముట్టుకోదు. పాలల్లో కాస్త పంచదార వేసినా గ్లాసు తోసేస్తుంది."

ఆవిడ మేం తెచ్చిన కాగితాలన్నీ ముందుకీ వెనక్కీ తిప్పారు. "ఇందులో ఎక్కడా ఆ మాట లేదేం? ఎవరికీ చెప్పలేదా?"

"జబ్బు గురించి అడిగారండీ, చెప్పాం. దాని మొండితనం గురించి ఎవరూ అడగలేదు."

ఆవిడ నవ్వలేదు. పిల్లను బతిమాలి దగ్గరకు పిలిచి నోరు తెరవమన్నారు. అయిదేళ్ళ పిల్లకు ఒక్క పుచ్చుపన్ను కూడా లేదని మాకూ చూపించారు. "మరి తిననని మొండికేస్తే మీరేం చేస్తారు?" అని అడిగారు.

మా ఆయన తల వంచుకుని, "పట్టుకుని పోస్తామండీ" అన్నారు.

అప్పుడు విడమరిచి చెప్పారు. పళ్ళలో, తేనెలో, పంచదారలో ఉండే ఒక రకం తీపిని కొందరి లివర్ అరిగించుకోలేదట. పుట్టుకతోనే అంతేనట, చాలా అరుదట. ఆ తీపి లోపలికి వెళ్ళిన ప్రతిసారీ లివర్ దెబ్బతింటుంది, ఒంట్లో ఉండాల్సిన షుగర్ పడిపోతుంది. రక్తపరీక్షలో ఖాయం కావడానికి వారాలు పడుతుంది. "ఫలితం వచ్చేదాకా ఆగకండి. పండు, పంచదార, బెల్లం, తియ్యటి సిరప్పులు, ఇవాళ్టి నుంచే అన్నీ మానేయండి. అది పొగరుతో కక్కలేదమ్మా. కక్కింది కాబట్టి మీకు మిగిలింది" అన్నారు. పెట్టె అక్కడే వదిలేసి వచ్చాం.

పరీక్ష కూడా అదే చెప్పింది. జబ్బు పేరు ఎంత పొడుగంటే మా ఆయన ఇప్పటికీ చీటీ చూసుకునే పలుకుతారు. ఆ చీటీ రాకముందే పిల్ల పొట్ట తగ్గడం మొదలైంది. తోటలో కుక్క వెంట పరుగెత్తింది. ఇంకేం కావాలి, గుళ్ళో కొబ్బరికాయ కొట్టించు అన్నారు అందరూ. సంతోషమే, కాదనను. కానీ నాకు మాత్రం తలుపు వేసుకుని హాయిగా నిద్రపోవాలనిపించింది. పోయాను కూడా, పట్టపగలే.

మా మామగారు వసారాలో కాయలన్నీ ఎత్తించి, తోటలో పాక కిందికి మార్పించారు. గడ్డి తుక్కు కూడా తనే ఊడ్చారు. అన్నీ అయ్యాక అరుగు మీద కూర్చుని మనవరాలిని పిలిచి, "నీది పొగరు కాదంటే బంగారం. నీకా తీపి పడదంట. డాక్టరమ్మ చెప్పింది" అన్నారు.

అది ఆయన మొహంలోకి చూసి, "అయితే నేను మొండిపిల్లని కాదా తాతయ్యా?" అని అడిగింది.

"కాదమ్మా" అన్నారు.

ఇక చూడాలి మా ఇంటి భయం. ఆ పిల్ల నోట వద్దు అన్న మాట వస్తే చాలు, ఎక్కడి చేతులు అక్కడే ఆగిపోతాయి. తలంటు వద్దంటే కుంకుడురసంలో ఏముందోనని డాక్టరమ్మకు ఫోన్ చెయ్యమన్నారు అత్తగారు. చెప్పొచ్చేదేమిటంటే, ఇప్పుడు దానికున్న పరపతి ఇంట్లో మా మామగారికి కూడా లేదు.

మొన్న మధ్యాహ్నం కాకరకాయ పులుసు చేశాం. మా వంటింట్లోకి బెల్లం రావడం మానేసి చాలా రోజులైంది కాబట్టి బెల్లం లేకుండానే. పిల్ల ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "వద్దు" అంది. మా అత్తగారు చటుక్కున కంచం లాగేశారు. నేను దాని నుదురు తడిమి చూశాను, చెమట పట్టిందేమోనని. మా ఆయన అన్నం వదిలేసి లేచారు.

అది మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. ఎడమచేత్తో కంచం తన వైపు లాక్కుని, "భయపడకు నానమ్మా, ఇది జబ్బు కాదు. ఇది మొండితనమే" అంది.

మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను ఆ కాకరకాయ ముక్కలు ఏరి నా కంచంలో వేసుకున్నాను.