మడ్‌గార్డు మీది పుట్టీ

ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. పద్దెనిమిదేళ్లుగా అది నా గొంతులోనే ఉండిపోయింది. అన్నం తింటున్నా, నలుగురిలో కూర్చుని నవ్వుతున్నా, అక్కడే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో మేం ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మావారికి ఆఫీసు తర్వాత ఉన్న పిచ్చి ఒక్కటే, పాత తెల్ల జీపు. ఆదివారం వస్తే దాన్ని గుర్గావ్ అవతల రాళ్లదారుల్లో తిప్పి, ఒళ్లంతా దుమ్ముతో ఇంటికొచ్చేవారు. నేను స్టీరింగ్ ముట్టుకుంటే మాత్రం ఆయనకు పడేది కాదు. మా మరిది వాసు సివిల్స్‌కి చదువుతూ మాతోనే ఉండేవాడు. అన్నయ్యకు చెప్పనని మాటిచ్చి, మధ్యాహ్నాలు నాకు డ్రైవింగ్ నేర్పాడు.

ఒకసారి ఆయన రెండు వారాలు టూర్ వెళ్లారు. వాసు ముఖర్జీనగర్‌లో స్నేహితుడి గదిలో చదువుకుంటూ ఇంటికి వచ్చిపోతున్నాడు. ఒకరోజు నేను ఒక్కదాన్నే జీపు తీశాను. మార్కెట్ వెనక పార్కు గేటు స్తంభాన్ని గుద్దాను. స్తంభం పెచ్చు ఊడింది, ఎడమ మడ్‌గార్డు లోపలికి పోయింది. అంతే. అక్కడ మనిషన్నవాడు లేడు. మునిర్కాలో ఒక మెకానిక్ చేత సొట్ట పూడ్చే పుట్టీ పెట్టించి రంగు వేయిస్తే ఆ తెలుపు పాత తెలుపుతో కలవలేదు. కంగారుపడి, ఆయన పుట్టినరోజు వస్తోందన్న వంకతో, అదే మెకానిక్‌తో జీపును కరోల్‌బాగ్ పంపి బండంతా నల్ల స్టిక్కర్ వేయించాను. ఆయన వచ్చి చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

ఆ రెండు వారాల్లోనే, మా బ్లాకు కింద ఇస్త్రీ చేసే రామ్‌దీన్‌ని వెనక రోడ్డు మీద ఎవరో గుద్ది ఆగకుండా పోయారు. ఆసుపత్రిలో అతని కాలు తీసేశారు. తెల్ల బండి అని తప్ప అతను ఏమీ చెప్పలేకపోయాడు. పాపం అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను.

మూడేళ్లు గడిచాయి. మెట్రో ద్వారకా దాకా వచ్చాక మేమూ అక్కడికి మారాలనుకుని జీపు అమ్మకానికి పెట్టాం. కాగితాల్లో తెలుపని ఉంది, స్టిక్కర్ తీసేసి ఇమ్మన్నాడు కొనేవాడు. ఎండకు పొలుసులు లేచిన స్టిక్కర్ ఓ పట్టాన రాలేదు. నేను హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తుంటే, ఆయన గోటితో అంచు లేపి జానెడు జానెడుగా లాగుతున్నారు. అన్నిచోట్లా స్టిక్కర్ ఒక్కటే వచ్చింది. ఎడమ మడ్‌గార్డు దగ్గర మాత్రం రంగు కూడా దాంతోపాటే ఊడొచ్చింది. కింద బూడిదరంగు పుట్టీ కనిపించింది.

"ఇదేంటి? దీనికెప్పుడు తగిలింది?"

"ఏమో. మీరు టూర్లో ఉన్నప్పుడు వాసు తీసేవాడుగా. స్టిక్కర్ వేయిద్దామన్నదీ తనే."

ఎందుకన్నానా మాట? తిట్లు తప్పించుకోవడానికి. తమ్ముడైతే నాలుగు కేకలేసి ఊరుకుంటారని. కానీ ఆయన కేకలేయలేదు. చెట్టు కింద చంకలో కర్రతో ఇస్త్రీ చేస్తున్న రామ్‌దీన్ వైపు చూశారు. వాసుని కిందికి పిలిచారు.

"రామ్‌దీన్‌ని గుద్దింది నువ్వేనా?"

వాసు ముందు పుట్టీని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నా చేతిలో డ్రయ్యర్ ఇంకా మోగుతూనే ఉంది.

"నేనే అన్నయ్యా. భయమేసి చెప్పలేదు."

స్తంభం అనాలి నేను. ఆ క్షణంలోనే అనాలి. అనలేదు. ఆయన మాత్రం, "నీలాంటివాడు రేపు ఆఫీసరైతే జనం గతేంటి?" అని ఒక్కమాట అన్నారు. ఆ వారంలోనే వాసు పుస్తకాలన్నీ కట్టేసి ఇల్లు వదిలాడు. మళ్లీ పరీక్ష రాయలేదు. వెళ్లేముందు గుమ్మం దగ్గర గొంతు తగ్గించి అన్నాడు, "వదినా, మీరు మాత్రం ఇంకెప్పుడూ బండి తీయకండి."

అప్పుడు అర్థమైంది నాకు. రామ్‌దీన్‌ని గుద్దింది నేనే అనుకుని, నన్ను కాపాడడానికి ఆ నేరం తను నెత్తిన వేసుకున్నాడు. అప్పటికైనా వెనక్కి పిలవొచ్చుగా? నిజం చెబితే ముందు అబద్ధమాడి అతని పేరు చెప్పింది నేనేనని బయటపడుతుందని, పైగా ఇన్నాళ్లూ చెప్పనిదాన్ని ఇప్పుడెవరు నమ్ముతారని, నాకు నేనే సర్దిచెప్పుకుంటూ తలుపు వేసుకున్నాను. ఆయన ఆ రోజునుంచి ఇస్త్రీ బట్టలు తనే తీసుకెళ్లి, రామ్‌దీన్ ముందు తలవంచుకుని నిలబడేవారు. చేయని తప్పుకు ఆ అన్నదమ్ములిద్దరూ అలా కుమిలిపోతుంటే నేను వంట చేసుకుంటూ గడిపాను.

ఈమధ్య కలలో స్తంభం కనిపించడం లేదు. దాని చోట మనిషి నిలబడి ఉంటున్నాడు. మెలకువ వచ్చాక, కాదు, అది స్తంభమే అని నాకు నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

వాసు ఇందిరాపురంలో ఏదో ఆఫీసులో పనిచేస్తున్నాడు. ఆయన ఇంతవరకూ అతని గడప తొక్కలేదు. తమ్ముడు ఒక మనిషిని గుద్ది పారిపోయాడని అన్న నమ్ముతున్నాడు. వదిన గుద్దిందని తమ్ముడు నమ్ముతున్నాడు. మా ఇంట్లో ఎవరూ గుద్దలేదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మన్నించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. వాళ్లిద్దరికీ చెప్పాల్సిన మాట మీకు చెప్పాను. కాస్త ఊపిరాడుతోంది, అంతే.