గండికోటలో పోయిన గొంతు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఎవణ్ణి కదిపినా ఏదో ఒక కోర్సు నేర్చుకుంటూ ఉండేవాడు. నేనూ మూడు నేర్చుకున్నాను, ఒక్కటీ బుర్రకెక్కలేదు. నాకు దేవుడిచ్చినవి రెండే: మంచి గొంతు, చెడ్డ కోపం. ఆ రెండోది మొదటిదాన్ని ఎలా మింగేసిందో చెప్తాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది కాబట్టి మీరు మధ్యలో నవ్వకండి.

మధురానగర్ హాస్టల్లో నాతోపాటు మా మేనత్త కొడుకు, అంటే బావ ఉండేవాడు. బల్కంపేటలో సొంతిల్లు పెట్టుకుని కూడా మా గదిలోనే పడుండే ఇంకో మహానుభావుడి పేరు షార్ట్‌కట్. (అమ్మానాన్నలు పెట్టిన పేరు మేమే మర్చిపోయాం.) పంజాగుట్టలో బస్సులు కదలకపోతే వాడు మమ్మల్ని ఎవరి పెరట్లోంచో, ఎవరో ఆరేసుకున్న చీరల కిందుగానో నడిపించి అవతల తేల్చేవాడు. నిజం చెప్పొద్దూ, ఆ సందుల్లో వాడి మాట ఎప్పుడూ తప్పలేదు. అదే మా కొంప ముంచింది.

అప్పటికి పంజాగుట్టలో ఒక కాల్ సెంటర్‌లో రెండు రౌండ్లు గట్టెక్కాను. అక్కడి మేడమ్ నా గొంతు బాగుందని పదే పదే మెచ్చుకుంది. సోమవారం ఆఖరి రౌండ్. అదీ పోతే ఊళ్ళో మామయ్య ఎరువుల కొట్టులో కూర్చోవాల్సిందేనని నాన్న తేల్చి చెప్పేశారు. నేను గదిలో సెల్ఫ్ ఇంట్రడక్షన్ వల్లిస్తుంటే షార్ట్‌కట్‌కు జాలేసింది. "గట్ల బట్టీ కొడితే పిచ్చి లేస్తది భాయ్. గండికోట పోదాం. పెన్న దాకా దిగుడు, ఎక్కుడు, గంతే. సోమవారం పొద్దుగాల ఈడనే ఉంటం, ఫికర్ చెయ్యకు" అన్నాడు. "గొంతుకు గాలి మార్పు మంచిదేరా" అని వంతపాడాడు బావ, దారికి కట్టించుకోబోయే పులిహోర మీదే మనసు పెట్టుకుని.

ఆదివారం పొద్దున కోట పక్కనుంచి కిందకు చూస్తే కళ్ళు తిరిగాయి. రెండు వైపులా ఎర్రటి రాతి గోడలు, ఎక్కడో అడుగున నది. జనం దిగే దారి ఒకటుంది. మావాడు అటు చూడనైనా చూడలేదు. "అది చుట్టు తిరుగుడు. గీ పక్కనుంచి పోతే పది నిమిషాలే." ఆ పది నిమిషాలు గడిచేసరికి ఎండ నడినెత్తికెక్కింది. బండ మీంచి బండ మీదకు కూర్చుని జారీ జారీ నా ప్యాంటు వెనకభాగం గండికోటకే సమర్పించుకున్నాను. చివరికి ఒకచోట కాలు పెట్టడానికి బండే లేదు. "సన్నాసీ! ఇది మధురానగర్ సందనుకున్నావట్రా?" అని అరిచాను. లోయంతా తిరిగి నన్నే సన్నాసీ అంది. దాంతో ఇంకా మండి ఇంకా గట్టిగా అరిచాను. వాడికి సిగ్గుందా? "మస్తు రీసౌండ్ ఉన్నది భాయ్, ఇంకోపారి తిట్టు!"

తిట్టాను. అక్కణ్ణుంచి నదిలోకే జారి, నడుములోతు నీళ్ళలో తడుస్తూ తిట్టాను. బరువెందుకని పులిహోర డబ్బా పైనే చెట్టు కింద పెట్టొచ్చానని బావ చెప్తే వాణ్ణీ తిట్టాను. తిరిగి ఎక్కేటప్పుడు షార్ట్‌కట్ ప్రతి మలుపులోనూ మాయమైపోతుంటే, పిలుపూ తిట్టూ కలిపి ఒకటే కేక వేస్తూ చేతులతో పాకాను. పైకి చేరేసరికి పులిహోర కోతులు తినేశాయి. ఆ కోతుల్ని తిట్టడానికి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

సోమవారం పొద్దున షార్ట్‌కట్ మిరియాల పాలు తెచ్చాడు. (వాడి మొహాన పోద్దామనుకుని తాగేశాను.) లాభం లేదు. ఇంటర్వ్యూలో నా గురించి చెప్పమంటే బుస్సుమన్నాను. గొంతు చూపించి చేతులు జోడించాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ముక్కుకు మామయ్య కొట్టులోని యూరియా వాసన తగిలింది. మేడమ్ జాలిపడి హెడ్‌ఫోన్ ఇచ్చింది. పక్క గదిలోంచి ఒకాయన కోపంగా ఉన్న కస్టమర్‌లా మాట్లాడతాడు, నేను శాంతపరచాలి. ఆయన నన్నూ, కంపెనీనీ, నా చదువునూ ఎడాపెడా దులిపేశాడు. నాకు లోపల కుతకుత ఉడికిపోతోంది, బయటకు మాత్రం "ఊఁ" తప్ప రావడం లేదు. అలా ఊఁ కొడుతుంటే తిట్టీ తిట్టీ అలిసిపోయి, ఆయనే సారీ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

"పొద్దుట్నుంచి అందరూ ఆయన మాటకు అడ్డం పడ్డవాళ్ళేనండీ. మీరొక్కరే చివరిదాకా విన్నారు. ఇంత ఓర్పు నేర్పిస్తే వచ్చేది కాదు. గొంతుదేముంది, వారంలో వస్తుంది" అంది మేడమ్. ఓర్పు! నాకు!

కింద షార్ట్‌కట్ చాయ్ పట్టుకుని నిలబడ్డాడు. ఉద్యోగం వచ్చిందని సైగ చేస్తే నమ్మలేదు. "జర తిట్టరాదు భాయ్. నువ్వు తిట్టకుంటే నాకు భయమైతుంది" అన్నాడు.

ఆ బాకీ ఇప్పటికీ తీరుస్తున్నాను. ఏడాదికోసారి ఫోన్ చేసి గండికోట పోదామంటాడు, నేను దులిపేస్తాను, అంతా విని "గొంతు మంచిగనే ఉన్నది" అంటాడు. ఈ వయసులో మెట్లు దిగాలంటేనే మోకాళ్ళను బతిమాలుకోవాలి. అయినా చిరిగిన ప్యాంటుతో లోయ మీద అరుస్తున్న ఆ బక్క కుర్రాడు గుర్తొస్తే జాలీ నవ్వూ కలిసే వస్తాయి. అందుకేనేమో, మొన్న తిట్లన్నీ అయ్యాక నోరు జారి అడిగేశాను.

"ఎంతసేపు నడవాలిరా?"

"పది నిమిషాలే భాయ్."