బెంచీ కాకా నవ్వు

ముంబయిలో గోరేగావ్ ఫిల్మ్ సిటీ కొండ మీద గజానన్ పెడ్ణేకర్ కన్నా ఎక్కువసార్లు టీవీలో కనిపించిన మనిషి లేడు. నమ్మరని తెలుసు. హీరోల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టే ముందు కాస్త ఆగండి. వాళ్లు ఏడాదికో సినిమా, రెండేళ్లకో సినిమా చేసేవాళ్లు. పెడ్ణేకర్ వారం వారం, సరిగ్గా భోజనాల వేళకి, దేశంలో సగం ఇళ్లలోకి వచ్చి కూర్చునేవాడు. ఎవరూ అతన్ని చూసేవాళ్లు కాదు, అంతే. అది చూసేవాళ్ల ఖర్మ.

‘ప్రభాత్ సొసైటీ’ అని ఒక హిందీ హాస్య సీరియల్. ఒక అపార్ట్‌మెంటు, దాని ముందు ఆవరణ, ఆవరణలో ఒక సిమెంటు బెంచీ. బెంచీ మీద ఒక మనిషి మరాఠీ పేపరు చదువుతుంటాడు. సొసైటీ సెక్రటరీ అరటితొక్క మీద జారతాడు, గుజరాతీ బామ్మ కోడలి మీద విసిరిన పిండి ఇన్‌కమ్‌టాక్స్ ఆఫీసరు మొహాన పడుతుంది, వెనకాల ఆ మనిషి పేజీ తిప్పుతాడు. పాత్ర అంతవరకే. మాట లేదు, పేరు లేదు. యూనిట్ అంతా అతన్ని బెంచీ కాకా, అంటే బెంచీ బాబాయి, అనేది.

తేలిక పని అనుకుంటే ఒక్క పూట కూర్చుని చూడండి. కళ్లెదుట పేరుమోసిన హాస్యగాళ్లు పొర్లి పొర్లి ఆడుతుంటే పెదవి కదలకూడదు. సీరియల్లో వినిపించే నవ్వులన్నీ తర్వాత మిషనుతో కలిపేవి. వెనకవాడు నవ్వితే చూసేవాడి కన్ను అటు పోతుంది, షాట్ పాడవుతుంది. మొదట్లో ఆ బెంచీ మీద కూర్చోబెట్టిన వాళ్లందరూ నవ్వి ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆ తర్వాత పెడ్ణేకర్ దొరికాడు. ఒకరోజు పక్కనున్న ఆరే అడవిలోంచి చిరుతపులి తిన్నగా సెట్లోకి నడిచొచ్చింది. కెమెరామన్ క్రేనెక్కాడు, డైరెక్టరు వ్యానిటీ వ్యాన్ కింద దూరాడు. పెడ్ణేకర్ ఆటల పేజీ తిప్పాడు. చిరుత కాసేపు అతని భుజం మీంచి పేపర్లోకి చూసి, తనకి పనికొచ్చే వార్త లేదనుకుని వెళ్లిపోయింది. సాక్ష్యం కావాలంటే చిరుతనే అడగాలి, మిగతావాళ్లంతా పరుగులో ఉన్నారు.

అంతకుముందు కుర్రతనమంతా హిందీ సినిమాల గుంపుల్లో గడిపాడు. పొద్దున పెళ్లికొడుకు మేనమామగా లడ్డూ తిని, మధ్యాహ్నం అదే పెళ్లిలో బాంబు పేలి చచ్చి, సాయంత్రం కోర్టు సీనులో న్యాయం జరిగినందుకు చప్పట్లు కొట్టిన రోజులున్నాయి. ఆ సినిమాలు చెప్పేది ఒకటే. ఎంత ఘోరం జరిగినా మూడో గంటలో తల్లి కొడుకుని గుర్తుపడుతుంది. టీవీ హాస్యం చెప్పేది వేరు. అసలు ఏమీ జరగదు. కాలింగ్‌బెల్ మోగుతుంది, పక్కింటివాడు వస్తాడు, ఒక పొరపాటు, ఒక అరుపు, ఇరవై నిమిషాల్లో ఎక్కడి సోఫా అక్కడే, ఎక్కడి మనిషి అక్కడే. ఎవరికీ వయసు పెరగదు. ఎవరూ చచ్చిపోరు. పెడ్ణేకర్‌కి ఈ రెండోదే నచ్చింది.

పోయిన శ్రావణంలో అతని భార్య సులభ చనిపోయింది. దహిసర్‌లో వాళ్లుండే చాల్‌లో, ఆ వరస గదుల్లో, ఉన్నవాళ్లంతా వచ్చి ఏడ్చారు. ఇతను ఏడవలేదు. ఏడుపు కోసం, చాల్‌లో కుళాయి కింద బిందె పెట్టుకుని నీళ్లకి ఎదురుచూసినట్టు, ఎదురుచూశాడు. రాలేదు. పదమూడో రోజు అయ్యాక వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. ఇంట్లో ఏమీ అనిపించకపోతే ఇరుగుపొరుగు వింతగా చూసేవారు. బెంచీ మీద ఏమీ అనిపించకపోవడమే ఉద్యోగం. లోకంలో అతనికి మిగిలిన చోటు అదొక్కటే.

ఆ చోటుకే ఎసరొచ్చింది.

ఒక మంగళవారం డైరెక్టరు తుషార్ టీ కప్పుతో బెంచీ దగ్గరికి వచ్చాడు. ఆ కుర్రాడు అంత దూరం నడిచి రావడం అదే మొదలు.

“కాకా, మీకొక శుభవార్త. ఈ వారం కథంతా మీ మీదే.”

“డైలాగుందా సర్?”

“డైలాగెందుకు కాకా, మీరు చనిపోతారు. సొసైటీవాళ్లు సంతాప సభ పెడతారు. ఫొటోకి దండ వేస్తారు. అప్పుడు తెలుస్తుంది, ఇన్నాళ్లూ అక్కడ కూర్చున్నాయన పేరు ఒక్కడికీ తెలియదని. పేరు కోసం కొట్టుకుంటారు, సమోసాల కోసం కొట్టుకుంటారు. చానల్‌వాళ్లు పడీ పడీ నవ్వారు.”

“సెక్రటరీని చంపొచ్చు కదా సర్.”

“సెక్రటరీ పోతే జనం మనల్ని చంపుతారు. మీరైతే అందరికీ తెలిసినవాళ్లు, ఎవరికీ లోటుండదు.”

అందులో ద్వేషమేమీ లేదు, కూరలో ఉప్పు గురించి మాట్లాడినట్టే మాట్లాడాడు. పెడ్ణేకర్ పేపరు మడిచాడు.

“ఆ తర్వాత నేను?”

“చచ్చినాయన మళ్లీ బెంచీ మీదెలా కూర్చుంటాడు కాకా?”

“కవల తమ్ముడు రావచ్చు సర్. చిన్నప్పుడు జాతరలో తప్పిపోయాడు. మా రోజుల్లో సినిమాకొకడు వచ్చేవాడు.”

“మీ రోజుల్లో” అని నవ్వి తుషార్ వెళ్లిపోయాడు. పెడ్ణేకర్‌కి కోపం రాలేదు. రావాలని తెలుసు గాని రాలేదు.

శుక్రవారం సంతాప సభ తీశారు. పెడ్ణేకర్ మొహాన్ని పెద్ద ఫొటో తీసి, చట్రం కట్టి, గంధపు దండ వేసి బల్ల మీద నిలబెట్టారు. అతను లైటు స్టాండ్ల వెనక నిలబడి తన సంతాప సభని తనే చూశాడు. మధ్యాహ్నం భోజనాలకి ముందే సీను అయిపోయింది. లైట్లు ఆర్పబోతుంటే బామ్మ పాత్ర వేసే కుముద్‌బెన్ కుర్చీలోంచి కదలలేదు. పాత నాటకాల మనిషి. ఆవిడని అందరూ గుజరాతీలో అమ్మా అన్నట్టు బా అనే పిలుస్తారు. డైరెక్టరు కూడా ఆవిడ ముందు కూర్చోడు.

“నవ్వు తియ్యలేదు” అంది బా.

చిత్ర పరిశ్రమలో ఉన్న ఆనవాయితీ అది. బతికున్న మనిషిని తెర మీద చంపితే, ఫొటోకి దండ వేస్తే, పని ముగిశాక అతను తన చేత్తో ఆ దండ తీసి, కెమెరా వైపు చూసి నిండుగా నవ్వాలి. ఆ నవ్వు సినిమాలో ఉండదు, ఎవరూ చూడరు. కాని తీసి తీరాలి, లేకపోతే చావు మనిషిని పట్టుకుంటుందని నమ్మకం. గుంపులో చచ్చేవాళ్లకి ఈ మర్యాద లేదు. పెడ్ణేకర్ బాంబులకీ రైళ్లకీ వరదలకీ ఎన్నిసార్లు పోయాడో, ఒక్కసారీ ఎవరూ నవ్వమనలేదు. విడిగా చావడం ఇదే మొదలు.

“ఫార్మాలిటీయే కదా, రెండు సెకన్లు” అన్నాడు తుషార్. “కాకా, దండ తీసి ఒక నవ్వు నవ్వండి. రోలింగ్.”

పెడ్ణేకర్ దండ తీశాడు. పెదవులు రెండు వైపులకీ లాగాడు.

“ఇది నవ్వా? పళ్ల డాక్టరుకి చూపిస్తున్నట్టుంది” అంది బా. “మళ్లీ.”

మళ్లీ లాగాడు. ఈసారి కడుపునొప్పితో బాధపడుతున్నట్టు వచ్చింది. సెక్రటరీ పాత్రధారి ముందుకొచ్చి కావాలని జారిపడ్డాడు. లైట్‌బాయ్‌లు బూతు జోకులు చెప్పారు, బా చెవులు మూసుకున్నట్టు నటిస్తూ విన్నది. సెట్టంతా నవ్వింది, ఒక్కడు తప్ప. అతని చేతులు అలవాటుగా పేపరు కోసం వెతుక్కున్నాయి.

“పాత ఎపిసోడ్లలో ఎక్కడో నవ్వే ఉంటాడు, అది వేసేద్దాం” అని తుషార్ ఎడిటరుకి ఫోన్ చేశాడు. ఎడిటరు భోజనం మానేసి వెతికాడు. కాకా ఆవలించింది ఉంది, తుమ్మింది ఉంది, చిరుత తోక ఒక మూల ఉంది. నవ్వు లేదు.

“నవ్వు లేకుండా ఈ ఎపిసోడ్ వెళ్తే రేపట్నుంచి నేను రాను” అంది బా. “మా నాటకంలో రసిక్‌భాయికి దండ వేశారు. నవ్వమంటే రైలుకి టైమైందన్నాడు. దీపావళి చూడలేదు బాబూ ఆయన.”

బా రాకపోతే సీరియల్ లేదు. తుషార్ తల పట్టుకుని, అందరూ తిని రండి, మళ్లీ చూద్దాం అన్నాడు.

భోజనాల దగ్గర మేకప్ బబన్ పళ్లెంతో వచ్చి పక్కన చేరాడు. సెట్లో పెడ్ణేకర్‌తో మాట్లాడేది వాడొక్కడే, అన్నా అన్నట్టు భావూ అని పిలుస్తాడు.

“భావూ, ఒక మాట. నవ్వకు.”

“రావట్లేదురా.”

“రానే రాకూడదు. నువ్వు నవ్వనంతకాలం ఎపిసోడ్ వెళ్లదు. ఎపిసోడ్ వెళ్లకపోతే నువ్వు చావలేదు. చావకపోతే సోమవారం పొద్దున బెంచీ నీదే. బొట్టు పెట్టించుకున్న దేవుడిలా కూర్చో, ఎవడేం చేస్తాడు?”

పెడ్ణేకర్ పావ్ రొట్టె ముక్క నమిలాడు. నిజమే. చేయాల్సిందల్లా ఇన్నేళ్లుగా చేస్తున్నదే.

భోజనాల తర్వాత అతన్ని బెంచీ మీదే కూర్చోబెట్టి, కెమెరా ఎదురుగా పెట్టి వదిలేశారు. వచ్చినప్పుడు వస్తుంది, కెమెరా తిరుగుతూ ఉండనీ అన్నాడు తుషార్. ఒక్కొక్కరే వచ్చి ఏదో ఒకటి చేసి వెళ్లారు. పెడ్ణేకర్ రాయిలా కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం అతను కూర్చున్నట్టు ఎలిఫెంటా గుహల్లో శిల్పాలు కూడా కూర్చోలేదు. తుషార్ గడియారం చూసుకుని, కథ మారుద్దామా అని రచయితకి ఫోన్ కలుపుతున్నాడు. దూరంగా బబన్ చేత్తో సైగ చేశాడు: అయిపోయింది, గెలిచావు.

అప్పుడు బా లేచి, చీర సర్దుకుంటూ వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ బెంచీ మీద రెండో మనిషి కూర్చున్నది లేదు. మోకాళ్లు పట్టుకుని నిట్టూర్చింది.

“నిన్ను విసిగిస్తున్నానని తెలుసు బాబూ. నీ మంచికే. మీ ఆవిడ ఎలా ఉంది? సులభే కదా పేరు? గణపతి పండక్కి మోదకాలు పంపేది. ఈసారి పంపలేదేం?”

తెలియక అడిగింది. అతను సెట్లో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. చెప్పాలనుకుని నోరు తెరిచాడు.

“బాగానే ఉంది బా. పుట్టింటికి వెళ్లింది” అన్నాడు.

ఆ మాట బయటికి వచ్చాక గాని అది ఎవరి మాటో తెలియలేదు. సీరియల్లో కోడలి వేషం వేసే అమ్మాయి మానేసి వెళ్లినప్పుడు ఇదే వాక్యం రాశారు. మూడేళ్లుగా ఆ కోడలు పుట్టింట్లోనే ఉంది. సెక్రటరీ అడుగుతాడు, భర్త చెప్తాడు, మిషను నవ్వుతుంది, కథ సాగుతుంది. అన్నిసార్లూ వెనకాల పేజీ తిప్పుతూ విన్నాడు. ఇప్పుడు తనే, ఏమీ జరగనంత మామూలుగా, అప్పజెప్పాడు. సులభ పుట్టిల్లు మాల్వణ్ దగ్గర. అక్కడ ఇల్లు కూలి చాలా కాలమైంది.

లోపల్నుంచి ఏదో పైకి వస్తోంది. ఏడుపనుకున్నాడు, రానీ అనుకున్నాడు. బయటికి వచ్చింది నవ్వు. కుక్కరు మొదటి కూత వేసే ముందు బుస్సుమన్నట్టు చిన్నగా మొదలై, భుజాలు ఊగి, బెంచీ పట్టుకోవాల్సి వచ్చింది. ఆపుదామని చూశాడు. బబన్ మొహం కనిపించింది, అయినా ఆగలేదు. బా ఏం జోకు వేసిందో తెలియక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. లోపల చూసుకున్నాడు. ఏమీ లేదు. వచ్చేముందు ఎలా ఉందో అలాగే ఉంది.

“ఓకే” అన్నాడు తుషార్. “సూపర్ కాకా. ప్యాకప్.”

సెట్టంతా చప్పట్లు కొట్టింది. బా అతని తల మీద చెయ్యి పెట్టింది.

“ఇంక భయం లేదు. నూరేళ్లు బతుకుతావు. సులభని అడిగానని చెప్పు.”

“చెప్తాను బా.”

బబన్ వచ్చి మొహానికున్న పౌడరు తుడిచాడు. దూది పారేస్తూ అడిగాడు.

“అంత నవ్వొచ్చే మాట ఏమంది భావూ ముసల్ది?”

“ఏమీ అనలేదు” అన్నాడు పెడ్ణేకర్. “క్షేమం అడిగింది.”

చొక్కా మార్చుకుని, అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని కొండ దిగాడు. ఎండ ఇంకా ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని పొగాకు నలుపుతున్నాడు.

“తొందరగా వదిలేశారే కాకా. సోమవారం ఎన్నింటికి?”

పెడ్ణేకర్ సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

“ఏడింటికి” అన్నాడు.

“సరే, గేటు తీసి ఉంచుతాలే.”

స్టేషన్ బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు.