తెరకు ఆ పక్కన మా పెద్దమ్మ

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకోవాలంటే ఆనుకోండి, కాళ్ళు చాపుకోవాలంటే చాపుకోండి, నేనేమీ అనుకోను. పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. మూడో తరగతిలోనే పలక పక్కన పెట్టి గంప ఎత్తుకున్నాను. అందుకని నా రాత కూడా మాట లాగే ఉంటుంది. కాని ఒకసారి చూసింది మాత్రం నా తలలోంచి ఎక్కడికీ పోదు.

మొన్న ఆదివారం బుక్కరాయసముద్రంలో మా కూతురింట్లో మనవరాలు టీవీలో ఒక సినిమా పెట్టింది. కాలేజీలో దాని గురించి ఏదో రాయాలంట. ఏ దేశమో నాకు తెలియదు. అక్కడ నల్లవాళ్ళను తెల్లవాళ్ళు ఒక వాకిట్లో అడుగు పెట్టనివ్వరు, ఒక కుర్చీలో కూర్చోనివ్వరు. నేను చింతపండులో గింజలు తీస్తూ చూస్తున్నాను. అది మధ్యలో ఆపి, "అవ్వా, నీకు అర్థమైతాందా? తోలు రంగు సూసి మనుసుల్ని పక్కన పెట్టేది. దీన్ని జాతి వివక్ష అంటారు" అని పాఠం చెప్పింది. "ఇట్లాంటి సినిమా నువ్వు యాడ సూసింటావులే" అని కూడా అనింది. నాకు నవ్వొచ్చింది. "సూసినా. మీ అమ్మ పుట్టకముందే సూసినా. కాకపోతే ఎనక నుంచి సూసినా" అన్నాను. వెనక నుంచి చూడడమేమిటని అది రిమోట్ కింద పెట్టింది. దానికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

మాది గార్లదిన్నె పక్కన చిన్న ఊరు. అప్పుడప్పుడు ఏదో సంస్థవాళ్ళు జీపులో సినిమా మెషిన్ వేసుకుని వచ్చేవాళ్ళు. విత్తనాలకు మందు ఎట్లా కలపాలి, బిడ్డలకు సూదులు ఎందుకు వేయించాలి అని మొదట చూపించి, తర్వాత మేము లేచిపోకుండా ఒక కథ సినిమా వేసేవాళ్ళు. బడి ముందర రెండు గుంజలు పాతి తెల్లగుడ్డ కట్టేవాళ్ళు. మెషిన్ ఉన్న వైపు ఊరివాళ్ళు చాపలు పరుచుకునేవాళ్ళు. మా వాడవాళ్ళం గుడ్డకు ఆ పక్కన, ముళ్ళు ఏరేసి నేల మీద కూర్చునేవాళ్ళం. అట్లా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, బోర్డు పెట్టలేదు. ఆవు తన కొట్టంలోకి తాను పోయినట్టు మేమూ పోయేవాళ్ళం. పలచని గుడ్డ కాబట్టి బొమ్మ మా వైపూ బాగానే కనపడేది. ఒక్కటే తేడా. సినిమావాళ్ళందరూ ఎడమచేతివాళ్ళు. ఎడమచేత్తో అన్నం తినేవాళ్ళు, ఎడమచేత్తో తాళి పట్టుకునేవాళ్ళు. ఆడవాళ్ళ పైట కుడిభుజం మీద ఉండేది. మాకు అది వింతగా కూడా తోచేది కాదు, సినిమా అంటే అంతే అనుకున్నాం. హీరోయిన్ లాగా తినాలని నేను ఒకసారి ఎడమచేయి సంగటిలో పెడితే మా అమ్మ వీపు మీద ఒక్కటి వేసింది.

సినిమావాళ్ళ ఎడమచేతికి కారణం కనిపెట్టింది మా పెద్దమ్మ. "ఆళ్ళు మొగానికి రంగు పూసుకుంటారు గదమ్మే. కుడిచెయ్యంతా రంగయ్యుంటాది. అందుకే ఎడమచేత్తో తింటారు" అని తేల్చేసింది. అందరమూ ఒప్పుకున్నాం. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. మొగుడు పోయినాక మాతోనే ఉండేది. పొడుగు మనిషి, గొంతు ఇంకా పొడుగు. సినిమా చూస్తూ లోపలి మనుషులతో పోట్లాడేది. తలుపు చాటున దొంగ నిలబడితే "ఆడుండాడు సూడప్పా, ఎనక్కి తిరుగు!" అని హీరోను తిట్టేది.

ఆ ఏడు వరుసగా మూడో కరువు. మా వాడ బావిలో అడుగున బురద కూడా మిగల్లేదు. ఊరిలో నీళ్ళున్నది పెద్దరైతు బావి ఒక్కటే. ఆ బావి చేద మేము ముట్టుకోకూడదు. కడవలు గట్టు కింద పెట్టుకుని నిలబడితే, వాళ్ళింటి మనిషి ఎవరైనా వచ్చి తోడి పైనుంచి పోయాలి. దప్పికైతే దోసిలి పట్టాలి, వాళ్ళు ఎత్తు నుంచి ధార విడుస్తారు. వాళ్ళకు మనసైతే నీళ్ళు, లేకపోతే ఎండ. అందుకని ఆ ఏడు మా వాడలో ఎవరూ ఎవరికీ ఎదురు మాట్లాడేవాళ్ళు కాదు.

అట్లాంటప్పుడు వచ్చిందా జీపు. ఆ సాయంత్రం వేసిన కథ మన దేశానిది కాదు. ఒక నల్లామె తెల్లవాళ్ళ ఇంట్లో వంట చేస్తుంది. రొట్టెలు కాలుస్తుంది, వాళ్ళ బిడ్డను ఎత్తుకుంటుంది, తను మాత్రం వెనకవైపు మెట్ల మీద కూర్చుని తింటుంది. భాష మాకు రాదు కాబట్టి జీపుతో వచ్చిన పిల్లగాడు మైకులో కథ చెబుతున్నాడు. "ఆమె వండింది తినొచ్చంట, ఆమె పక్కన కూకుంటే మైలంట" అన్నాడు. పెద్దమ్మ ఈసారి ఎవరినీ తిట్టలేదు. "అంత దూరదేశంలో మన సంగతి ఆళ్ళకు ఎవురు సెప్పినారే?" అని మా అమ్మను మెల్లగా అడిగింది.

తెర మీద నల్లామె చేతిలో కంచంతో మెట్ల మీద నుంచి లేచింది. తలుపు తోసింది. ఇక్కడ పెద్దమ్మ కూడా లేచి చీర దులుపుకుంది.

"యాడికే?" మా అమ్మ ఆమె కొంగు పట్టుకుంది.

"ఆయమ్మ తలుపు తోసుకోని పోతాంది. నేను ఈడ కూకోని ఏం సూడల్ల?"

"రేపు నీళ్ళు పోస్తారా నీకు? ఇంట్లో సిన్నోనికి జరం. కూకోవే, నీకు దండం పెడతా."

పెద్దమ్మ కొంగు విడిపించుకుని చీకట్లో గుంజ దాటి వెళ్ళిపోయింది. కాసేపటికి మెషిన్ వెలుతురుకు అడ్డంగా నడిచింది కాబోలు, తెర మీద ఆమె నీడ పడింది. ఆ నల్లామె పక్కనే, ఆమె కంటే రెండింతల పొడుగున మా పెద్దమ్మ! "ఏయ్, ఎవురది? అడ్డం తప్పుకో!" అని ఊరివాళ్ళు అరిచారు. నీడ నిదానంగా కిందికి దిగింది. కూర్చుంది. మా అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

ఆమె కూర్చున్నది ఎవరి పక్కనో తెలుసా, పెద్దరైతు తల్లి పక్కన. ఆ ముసలామెకు రెండు కళ్ళకూ పొరలు. "ఎవురే నువ్వు?" అనే గొంతు మాకు వినపడింది. "నేనే అమ్మా, మీ కళ్ళంలో తూర్పారపట్టేదాన్ని." ముసలామె, "సరేలే, ఆ నల్లామె ఏం జేస్తాందో సెప్పు. నాకు కండ్లు ఆనవు" అనింది. ఇంక చూడండి, పెద్దమ్మకు పగ్గాలు లేవు. మైకు పిల్లగాడు నోరు మూసుకున్నాడు. "కుర్చీ లాగిందమ్మా. అందురూ మిడిగుడ్లేసుకోని సూస్తాండారు. కూకునింది! రొట్టె తుంచుతాంది..." అంతలో ఆమె గొంతు గుడ్డ చిరిగేటట్టు మా వైపుకు వచ్చింది. "మేయ్! కుడిచేత్తోనే తింటాండారు మేయ్!" భయంలో కూడా మేమంతా పగలబడి నవ్వాం.

తెల్లారి ఆ నవ్వు లేదు. బావి దగ్గర కడవలు వరసగా పెట్టుకుని నిలబడ్డాం. పొద్దు నెత్తికెక్కింది, ఎవరూ రాలేదు. "సినిమా సూపిచ్చినోళ్ళనే నీళ్ళు అడుక్కోపోండి" అని పెద్దరైతు కబురు పంపాడు. వాడ ఆడవాళ్ళంతా పెద్దమ్మ మీద పడ్డారు. "ముందర కూకున్నావు గదా, తాగు ఇప్పుడు సినిమా!" అన్నారు. జరం తగ్గని మా తమ్ముడు నాలుక బయటపెట్టి అమ్మ భుజం మీద వాలిపోయి ఉన్నాడు. పెద్దమ్మ వాడినే చూస్తూ ఉంది.

అప్పుడు కర్ర చప్పుడు వినిపించింది. ముసలామె తడుముకుంటూ వచ్చి బావిగట్టు మీద కూర్చుంది.

"రేతిరి ఆ నల్లామె కుర్చీలో కూకునింది గదా. తెల్లార్నాక ఏమైందే?"

"తెల్లార్నాకది సూపీలేదమ్మా. గుడ్డ మడిసి జీపులో ఏసుకోని పోయినారు."

ముసలామె కర్ర పక్కన పెట్టింది. "నాకు దప్పికైతాంది. చేద నాకు శాత గాదు. నువ్వు తోడు" అనింది.

పెద్దమ్మ రెండు చేతులూ చీరకు తుడుచుకుంది. గట్టు ఎక్కింది. తాడు పట్టుకుని బొక్కెన బావిలోకి వదిలింది. గిలక కిర్రుమంది. బొక్కెన పైకి వచ్చింది. ముసలామె దోసిలి పట్టింది. పెద్దమ్మకు తెలిసిన పద్ధతి ఒక్కటే కాబట్టి, భుజమంత ఎత్తు నుంచి ధార విడిచింది.

"అంత ఎత్తు నుంచి పోస్తావేమే? మొగమంతా తడుస్తాంది" అని ముసలామె విసుక్కుంది. "కిందికి దింపు. ఇంగా దింపు."

పెద్దమ్మ దింపింది. బొక్కెన అంచు ఆ ముసలి వేళ్ళకు తగిలింది. ఇద్దరిలో ఎవరూ చేయి వెనక్కి తీసుకోలేదు. రెండో బొక్కెన పెద్దమ్మ మా తమ్మునికి పోసింది.

పెద్దరైతు వచ్చాడు, తల్లిని చూసి వెనక్కి తిరిగాడు. అట్లాగని అంతటితో అన్నీ బాగైపోలేదు. ఆ ఇంట్లో పెద్దమ్మకు మళ్ళీ పని ఇవ్వలేదు. బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, ఒలవడానికి రెండేళ్ళు పక్క ఊరికి నడిచింది, నడిచినంత సేపూ ఆ రైతును తిట్టింది. ముసలామె ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే వచ్చి గట్టు మీద కూర్చునేది, మా నీళ్ళు మేమే తోడుకునేవాళ్ళం. ఆమె పోయినాక చేద ముట్టొద్దని మళ్ళీ చెప్పారు. కాని అప్పటికి మా చేతులకు ఆ తాడు అలవాటైపోయింది, ఎవరమూ గట్టు దిగలేదు.

అంతా విని మా మనవరాలు, "సినిమా అంత పని చేసిందా అవ్వా?" అని అడిగింది. ఏమో తల్లీ. ఆ సినిమా గంటన్నరలో అయిపోయింది. దాని తర్వాత తెల్లారడానికి మాత్రం మా బతుకంతా పట్టింది, ఇంకా కాస్త చీకటి మిగిలే ఉంది. ఇంతసేపు కూర్చుని విన్నారు, మీ ఇంటి కడవ ఎప్పుడూ నిండుగా ఉండాలి. మీ బిడ్డల నోటికి నీళ్ళు ఏ ఎత్తు నుంచీ పడకుండా, చేతి నుంచి చేతికి అందుతూ ఉండాలి.