తువ్వాల కింది బేరం

ప్రత్యేక రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది నన్ను బత్తాయి వ్యాపారుల సమాఖ్యకు నల్లగొండ కార్యదర్శిగా వేశారు. కార్యదర్శి పండ్లు అమ్మడు. అమ్మేవాళ్ల తరఫున వినతిపత్రాలు రాస్తాడు, సమావేశాలకు వెళ్లి వాదిస్తాడు. మహబూబ్‌నగర్ వైపు ఇదే పని కురుమూర్తి చేసేవాడు. వయసులోనూ సర్వీసులోనూ నాకంటే చిన్నవాడు. చదువు ఇద్దరిదీ ఒకటే, ఎం.కాం. అయినా అతను గదిలోకి వస్తే చాలు, టీ ముందు అతనికే పోసేవారు. నాకు ఒళ్లు మండేది.

నేను కార్యదర్శినయిన కొంతకాలానికి మాకు పెద్ద చిక్కు వచ్చి పడింది. చుట్టుపక్కల దేశాలతో మనకు ప్రాంతీయ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఒకటి ఉండేది. దాని కింద సరిహద్దు అవతలి దేశం మన బత్తాయి మీద దిగుమతి సుంకం తగ్గించి వసూలు చేసేది. అలాంటి రాయితీకి గడువు ఉంటుంది. గడువు తీరేలోగా రెండు ప్రభుత్వాలూ ఒప్పుకుంటేనే పొడిగింపు. ఈసారి ఎండకాలం కోతకొచ్చే కత్తెర కాపుకు ముందే గడువు ముగుస్తోంది. పూర్తి సుంకం పడితే మన కాయను అక్కడ కొనే నాథుడుండడు. పత్తిలాగా గోదాములో పెట్టుకుందామంటే బత్తాయి ఆగదు, కుళ్లిపోతుంది.

అదే ఏడాది హైదరాబాదులో మా ప్రధాన కార్యదర్శి పదవీ విరమణ చేస్తున్నాడు. పొడిగింపు ఎవరు సాధిస్తే ఆ కుర్చీ వాళ్లదేనని సమాఖ్య అధ్యక్షుడు మా ఇద్దరి ముందే తేల్చి చెప్పాడు. ఆ కుర్చీ మీద నాకు ఏళ్ల తరబడి ఆశ. కురుమూర్తికి దాని మీద కన్నుందని ఆ రోజే అర్థమైంది. పైకి మాత్రం నవ్వుతూ కూర్చున్నాడు, మహానుభావుడు!

నేను పద్ధతి ప్రకారం వెళ్లాను. వినతిపత్రం తయారు చేశాను, రైతులను వెంటబెట్టుకుని విలేకరుల సమావేశాలు పెట్టాను. రాయితీ పోతే తోటలు నరుక్కోవాల్సిందేనని మైకులో గట్టిగా చెప్పాను. పత్రికల్లో నా ఫొటో వచ్చింది. ఆ వారమే అవతలి దేశపు కొనుగోలుదారులు ధర తగ్గించి అడగడం మొదలుపెట్టారు.

కురుమూర్తి నల్లగొండకు వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సత్తన్నా, మన అక్కెర మనమే మైకుల చెప్పుకుంటే ఎట్లనే? అంగట్ల గొర్రెను అమ్మెటోడు గట్ల ఒర్రుతడా?"

అతనిది గొర్రెల పెంపకం ఇల్లు. మా వైపు గొర్రెల అంగళ్లలో బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు ఒక్క ముక్క తెలియదు.

"ఇది గొర్రెల అంగడి గాదు తమ్మీ, సర్కారు పని" అన్నాను. అతను నవ్వి లేచిపోయాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గిట్టదు.

తర్వాత తెలిసింది, అవతలి దేశం నుంచి ఇద్దరు పెద్ద పండ్ల వ్యాపారులను పిలిపించాడట. మా జిల్లా తోటలే తిప్పి చూపించి, నందికొండలో బస ఏర్పాటు చేసి చేపల పులుసుతో భోజనం పెట్టించాడట. నా జిల్లాలో, నాకు చెప్పకుండా! ఒప్పందం ఊసే ఎత్తలేదట. ఢిల్లీ మార్కెట్‌లో మా కాయకు గిరాకీ ఎలా పెరుగుతోందో మాత్రం చెప్పి పంపాడట. అయిపోయాడు, కుర్చీ నాదే అనుకున్నాను.

ఢిల్లీలో వాణిజ్య శాఖ సంప్రదింపుల సమావేశం పెట్టింది. ఇలాంటి చోట ఒక్కో సంఘానికి కొద్ది నిమిషాలే దొరుకుతాయి. నా ప్రసంగం ఇంట్లో అద్దం ముందు చెప్పి చెప్పి కంఠతా వచ్చింది. మా వంతు రాగానే లేచి నిలబడ్డాను. అధికారి చేత్తో కూర్చోమన్నాడు. పొడిగింపు కావాలని అవతలి ప్రభుత్వమే అడిగిందనీ, రంజాన్ నెలలో బత్తాయి లేకపోతే తమ బజార్లు దెబ్బతింటాయని అక్కడి పండ్ల వర్తకులే వాళ్ల మంత్రి దగ్గర పట్టుబట్టారనీ, ఇక మేము వాదించాల్సిందేమీ లేదనీ చెప్పాడు. కురుమూర్తి నా పక్కనే కూర్చుని టీలో బిస్కెట్ ముంచుకుంటున్నాడు. ఆ కప్పు లాక్కుని అతని నెత్తిన పోయాలనిపించింది.

పొడిగింపు వచ్చింది. కత్తెర కాపు లారీలు పాత సుంకంతోనే సరిహద్దు దాటాయి. సన్మాన సభలో కురుమూర్తికి శాలువా కప్పారు. అతను మైకు తీసుకుని నా వైపు చెయ్యి చూపించాడు.

"గీ పని నా ఒక్కనితోని గాలె. అంగట్ల బేరమైతాంటే పక్కన ఒకడు గట్టిగ లొల్లి చేస్తుంటడు. అందరు వాని దిక్కే చూస్తరు, తువ్వాల కింద మన పని మనం చేసుకుంటం. సత్తన్న గా లొల్లి మస్తు చేసిండు! కొనెటోళ్లు పేపరు చూపించి, మీకు అక్కెరున్నది గద అన్నరు. నేనన్న, గాయన జీతమే ఒర్రెతందుకు, ఫికర్ చెయ్యకుండ్రి."

సభ గొల్లుమంది. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఏం చేయను? తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడిని. మెచ్చుకున్నవాడిని ఏమనాలి?

కుర్చీ అతనికి వెళ్లింది. నేను నల్లగొండ కార్యదర్శిగానే రిటైరయ్యాను. ఇప్పుడు కొత్తగా ఈ ఉద్యోగంలో చేరినవాళ్లకు అప్పుడప్పుడు తరగతులు చెబుతుంటాను. మొదటి రోజే చెప్పే మాట ఇది: రాయితీ కావాలంటే మన నష్టం మనం ఏకరువు పెట్టకూడదు. అది పోతే అవతలి ఒడ్డున నష్టపోయేది ఎవరో వెతికి, వాళ్లచేత అడిగించాలి. పిల్లలు శ్రద్ధగా రాసుకుంటారు. ఇది మీరు ఎక్కడ నేర్చుకున్నారు సార్ అని ఎవరైనా అడిగితే, అంగట్లో అంటాను. కురుమూర్తి పేరు మాత్రం చెప్పను.