మేనత్త నొక్కిన బటన్

మా మేనత్త అనగానే నాకు ఆమె పాదం గుర్తొస్తుంది. కుట్టుమిషను ముందు లేకున్నా అది తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉండేది.

ఎనభైల చివర్లో హనుమకొండలో ఆమె కొట్టు ఎదురుగా వీడియో గేముల దుకాణం తెరిచారు. నేను ఆడబోతే, "ఆడపిల్లలకు ఇది రాదు" అని యజమాని వెనక్కి పంపాడు. అత్త మిషను ఆపి వచ్చింది.

"నేను గెలిస్తె మా పిల్లను రోజు ఆడనియ్యాలె."

బేస్‌బాల్ ఆట పెట్టాడు. మూడు బంతుల్లో ఒక్కటైనా గోడ దాటించాలి. జాయ్‌స్టిక్‌తో బ్యాటును కదిలిస్తూ కొట్టొచ్చు, లేదా అదను చూసి బటన్ నొక్కొచ్చు. మొనగాళ్లంతా మొదటి పద్ధతే ఎంచుకునేవారు. అత్త బటనే చాలంది.

"అది చిన్నపిల్లల ఆటమ్మా" అని యజమాని నవ్వాడు.

రెండు బంతులు తప్పిపోయాయి. నేను అత్త భుజం పట్టుకున్నాను.

"ఫికర్ చెయ్యకు. జర దగ్గరికి రానియ్" అంది అత్త. కింద పాదం లయగా ఆడుతోంది. మూడో బంతి రాగానే బటన్ నొక్కింది. బంతి గోడ మీదుగా ఎగిరి తెరలోంచే మాయమైంది. దుకాణమంతా చప్పట్లు.

అత్త లేచి కుర్చీని నా వైపు జరిపింది.

"కూసో బిడ్డా. ఇగ నిన్ను ఎవ్వడు లెవ్వమనడు."