ఫ్రీజర్‌లో బేరింగులు

ఉప్పుగూడలో మా ఇంటి ముందు గదే మా వారి లేత్ దుకాణం. ఆమధ్య ఒక పాత లారీ, వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్ పాడై, రిపేరుకు వచ్చింది. దానికి సరిపోయే బేరింగులు ఇప్పుడు దొరకడం లేదట. వేరే సైజువి పట్టేలా ఆయన దాని హౌసింగ్‌ను, అంటే బేరింగులు కూర్చునే గూటిని, లోపల కోసి, కొత్త బేరింగుల రింగులను తెచ్చి మా ఫ్రీజర్‌లో పెట్టారు.

"పాల పాకెట్ల పక్కన గీ ఇనుమేంది?" అని లొల్లి చేశాను.

"సల్లగైతే జర చిన్నగైతయే. పొద్దుగాల సక్కగ కూసుంటయి. ముట్టకు," అన్నారు నవ్వుతూ.

ఆ పొద్దు ఆయన చూడలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయింది.

దశదినకర్మ అయ్యాక మా మరిది దుకాణం తెరిచాడు. "వదినా, లారీ ఆగి ఉన్నది. అన్న ఆ రింగులు ఏడ వెట్టిండో దొరుకుతలేవు," అన్నాడు.

ఫ్రీజర్ తీశాను. పేపర్‌లో చుట్టినవి చుట్టినట్టే, మంచు పట్టి ఉన్నాయి. చల్లదనం చేతుల్ని కొరికేస్తున్నా వదల్లేకపోయాను. మరిదే మెల్లగా తీసుకున్నాడు.

ఆయన కోసిన చోట పెట్టగానే, సుత్తి దెబ్బ లేకుండానే రింగు జారి కూర్చుంది. మరిది అక్కడే కూలబడి ఏడ్చాడు.

లారీ వెళ్ళిపోయింది. ఇప్పుడు ఫ్రీజర్ తీసినప్పుడల్లా, లొల్లి చేయడానికి ఒక్క ఇనుప ముక్కైనా ఉంటే బాగుండుననిపిస్తుంది.